ఓడ ముక్కున నాయకుని బొమ్మ

ఈ విద్యాసంవత్సరములో మన కళాశాల క్రొత్త పఠన మందిరము పూర్తి కావచ్చినది. గోడలు లేచినవి, కప్పు పడినది, పుస్తకాల అలమారలకు కొలతలు తీసుకొన్నారు. మిగిలినది ముఖద్వారము. దానిపై ఏమి చెక్కించవలెనన్న ప్రశ్న పుట్టిన నాటినుండి విద్యార్థులలో రెండు వర్గములు ఏర్పడినవి. నిధులు మంజూరు చేయించుటలో సాయపడిన ఒక నాయకుని ముఖమును పాలరాతిలో చెక్కించి నిలుపవలెనని ఒక వర్గము. అంతకన్న పెద్దవాడైన మరియొక నాయకుడుండగా ఈయన యెందుకని రెండవ వర్గము. ఇరువురును జీవించి ఉన్నవారే. ఇరువురును ఎన్నికలలో నిలుచువారే. వసతిగృహములో మూడేండ్లు ఒకే గదిలో ఉండి, ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్న ఇద్దరు విద్యార్థులు ఈ తగవు కారణముగా నెల రోజులనుండి సలాము కూడ చెప్పుకొనుట లేదు. కమిటీ పెద్దలు నిర్ణయమును వాయిదా వేసి అధ్యాపకుల అభిప్రాయములను కోరినారు. మా అభిప్రాయమును ఈ సంచిక మూలమున విన్నవించుకొంటున్నాము.

మా నిర్ణయమును మొదటనే చెప్పి, కారణములను తరువాత చెప్పుట మర్యాద. ఆ ద్వారముపై జీవించి ఉన్న ఏ రాజకీయ నాయకుని ముఖమును ఉండరాదు. ఈ అభిప్రాయము మాకు దినపత్రికలు చదివి కలిగినది కాదు. పాత ఓడల చరిత్ర చదువగా కలిగినది. పఠన మందిరమునకును ఓడలకును సంబంధమేమని విద్యార్థి సోదరులు నవ్వవచ్చును. నవ్విన పిదప కొంచెము ఓపికతో వినవలసినదిగా కోరుతున్నాము. ఎందుకంటే, పదిమంది సొమ్ముతో నిర్మించిన వస్తువునకు ఒకని ముఖము తగిలించిన యెడల ఏమి జరుగునో, ఓడల చరిత్ర చెప్పినంత స్పష్టముగా మరియొకటి చెప్పదు.

మన కోస్తా పల్లెకారులు ఓడ ముందుభాగమును అణియమనియు, వెనుక భాగమును అమరమనియు అంటారు. ఐరోపా దేశముల తెరచాప ఓడలలో అణియము కొసన, నీటిపైకి పొడుచుకొని వచ్చు దూలము క్రింద, కొయ్యతో చెక్కిన ఒక ప్రతిమను నిలుపుట అనేక శతాబ్దముల ఆచారము. సింహమో, దేవతయో, స్త్రీయో, వీరుడో, రాజో అక్కడ నిలిచి సముద్రమువైపు చూస్తూ ఉండేవారు. అక్షరము రాని నావికుడు కూడ ఆ ప్రతిమను చూచి ఇది ఫలానా ఓడ అని గుర్తుపట్టేవాడు. దానికి రంగులు వేసి, బంగారు పూత పూసి, గాయపడిన భాగమును బాగుచేసి, తమ ఓడకు ప్రాణము అదియే అన్నట్లు నావికులు చూచుకొనేవారు. ఇంగ్లీషులో దానిని ఫిగర్‌హెడ్ అంటారు. పేరే గాని పెత్తనము లేని పదవిలో ఉన్నవానికి కూడ ఆ భాషలో అదే మాట. మన తెలుగులో ఉత్సవ విగ్రహమని అంటాము గదా, అట్లే.

ఆ మాట ఊరక పుట్టలేదు. ఓడకు దారి చూపునది చుక్కాని. చుక్కాని అమరమున ఉంటుంది. ముందు నిలిచిన బొమ్మ ఎంత అందమైనదైనను ఓడను ఒక అంగుళము కూడ త్రిప్పలేదు. పైగా అది బరువు. ఓడ ముక్కున పెట్టిన బరువు ఓడను అలలలోనికి దించుతుందని కట్టుబడివారికి తెలియును. ఖర్చు కూడ తక్కువ కాదు. అందుచేతనే బ్రిటిషు నౌకాశాఖవారు 1796లో క్రొత్త ఓడలకు ఇట్టి ప్రతిమలు వద్దని ఉత్తరువు చేశారు. నావికులకది రుచింపలేదు, ఆచారము కొనసాగినది. దాదాపు ఒక శతాబ్దము గడచి, ఇనుప ఓడల కాలము వచ్చిన పిదప, 1894లో గాని వారి పెద్ద యుద్ధనౌకలకు ఆ అలంకారము అధికారికముగా రద్దు కాలేదు.

సింహమును చెక్కినంత కాలము ఎవరికిని పేచీ లేదు. పేచీ వచ్చినది మనిషిని చెక్కినప్పుడు. అందులోను రాజ్యమేలు మనిషిని చెక్కినప్పుడు. ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెసు 1637లో సావరిన్ ఆఫ్ ది సీస్ అను మహానౌకను నిర్మింపజేసినాడు. దాని అణియమున ప్రాచీనుడైన ఎడ్గారు రాజు గుఱ్ఱమెక్కి ఏడుగురు రాజులను త్రొక్కుచున్నట్లు చెక్కించినాడు. నౌకల పేరిట వేసిన పన్ను ప్రజలలో ఎంతో ఆగ్రహమును రేపినది. పన్నెండేండ్లకు, 1649లో, ఆ రాజు తలయే తెగిపడినది. రాజును తొలగించి అధికారమునకు వచ్చిన ఆలివర్ క్రామ్‌వెల్ కాలములో 1655లో నేజ్బీ అను మరియొక పెద్ద ఓడ నీటిలో దిగినది. రాజరికమును కూల్చినవారి ఓడ గదా, దానిపై రాజుల ఆడంబరము ఉండదని మనము అనుకొంటాము. ఆ అణియమున క్రామ్‌వెలే గుఱ్ఱమెక్కి ఆరు జాతులవారిని త్రొక్కుచుండినట్లు ఆనాటి దినచర్యకర్త జాన్ ఈవ్లిన్ చూచి వ్రాసికొన్నాడు. గుఱ్ఱము మారలేదు, దానిపై కూర్చున్నవాడు మాత్రము మారినాడు.

1658లో క్రామ్‌వెల్ మరణించినాడు. 1660లో చనిపోయిన రాజు కుమారుడు రెండవ ఛార్లెసును ప్రవాసమునుండి తోడితెచ్చుటకు ఇదే ఓడను పంపినారు. తండ్రిని చంపించినవాని బొమ్మ గల ఓడపై కుమారుడు సింహాసనమునకు రావలసివచ్చినది! అప్పటికప్పుడు ఓడ పేరును రాయల్ ఛార్లెస్ అని మార్చినారు. బొమ్మ సంగతి 1663 డిసెంబరులో తేలినది. క్రామ్‌వెల్ తలను దింపి కాల్చివేసి, ఆ స్థానములో సముద్రదేవతయైన నెప్ట్యూనును నిలుప నిశ్చయించినారు. నౌకాశాఖలో ఉద్యోగియైన శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో ఈ సంగతి వ్రాసి, దీనికి నూరు పౌన్లు ఖర్చగునని, డబ్బు వృథాయని చింతించినాడు. నాలుగేండ్లకు, 1667లో, డచ్చివారు నది ఎదురెక్కి వచ్చి ఆ ఓడనే పట్టుకొని పోయినారు. దాని అమరమునుండి ఊడదీసిన రాజచిహ్నము నేటికిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియములో ఉన్నది. ముఖము మార్చినందువలన ఓడకు రక్షణ కలుగలేదు. నూరు పౌన్లు మాత్రము పోయినవి.

ఇది రాజుల దేశపు కథ అని త్రోసివేయవచ్చును. కనుక ప్రజాస్వామ్య దేశపు కథ ఒకటి చెప్పుతాము. మా వాదమునకు మూలము అదియే.

అమెరికా సంయుక్త రాష్ట్రములకు కాన్‌స్టిట్యూషన్ అను యుద్ధనౌక కలదు. 'రాజ్యాంగము' అని దాని పేరునకు అర్థము. 1797లో బోస్టను నగరములో నీటిలో దిగినది. మొదట దాని అణియమున గ్రీకు వీరుడు హెర్క్యులీసు ప్రతిమ ఉండినది. 1804లో తమ నౌకాదళములోనిదే అయిన మరియొక ఓడతో గుద్దుకొని ఆ ప్రతిమ ధ్వంసమైనది. 1812లో బ్రిటిషువారితో యుద్ధము వచ్చునాటికి ఆ స్థానములో మెలి తిరిగిన తీగె వంటి చెక్కడము మాత్రమే ఉండినది. ఆ ఏడు ఆగస్టు 19వ తేదీన అది గెరియర్ అను బ్రిటిషు నౌకను ఓడించి, గుండ్లు తగిలినను చెక్కుచెదరలేదన్న ఖ్యాతితో 'ఓల్డ్ ఐరన్‌సైడ్స్' అను ముద్దుపేరు పొందినది. విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆ ఓడ తన కీర్తినంతటిని సంపాదించుకొన్ననాడు దాని ముందు ఎవరి ముఖమును లేదు.

1830లో ఆ ఓడను విరగగొట్టబోవుచున్నారను వార్త పుట్టగా, ఆలివర్ వెండెల్ హోమ్స్ అను యువకుడు దానిపై ఒక పద్యము వ్రాసి ప్రకటించినాడు. దేశమంతయు కదలినది, ఓడ నిలిచినది. ఇరువది ఏండ్లు దాటిన ఒక విద్యార్థి కలముచేత ఒక యుద్ధనౌక బ్రతికినదన్న సంగతి కళాశాల పత్రికలో వ్రాయువారందరును తెలిసికొనదగినది. 1833లో దానిని మరమ్మతు కొరకు బోస్టను సమీపమున చార్లెస్‌టౌను నౌకాశాలలోని డ్రై డాకులోనికి తెచ్చినారు.

అప్పుడు అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్. యుద్ధవీరుడు; సామాన్య ప్రజలకు ఆరాధ్యుడు. 1833 జూన్‌లో బోస్టను నగరమునకు వచ్చినప్పుడు ఆ నగరము ఆయనను ఎంతో గౌరవించినది. హార్వర్డు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు కూడ ఇచ్చినది. నౌకాశాల అధిపతియైన కాప్టెన్ జెస్సీ ఎలియట్ ఆ ఉత్సాహమును చూచి, ఆ ఓడకు జాక్సన్ ప్రతిమను తగిలించిన బాగుండునని తలచినాడు. లేబన్ బీచర్ అను శిల్పికి పని అప్పగించినాడు. కొయ్యపని నెలల తరబడి సాగునది. ప్రజల మనస్సు అంతకన్న వేగముగా మారునది. ఆ సంవత్సరమే జాక్సన్ ప్రభుత్వ నిధులను సంయుక్త రాష్ట్రముల బ్యాంకునుండి తీసివేయించినాడు. బోస్టను వర్తకులకు దానివలన పెద్ద దెబ్బ తగిలినది. నిన్న పూలదండ వేసినవారు నేడు పండ్లు కొరుకసాగినారు.

బొమ్మ సంగతి బయటపడగానే నగరములో కరపత్రములు వెలసినవి. తమ నగరములో పుట్టిన ఓడకు, తమ బిడ్డలు రక్తము ధారపోసిన ఓడకు, తమ వ్యాపారమును నాశనము చేసినవాని ముఖమా అని వారి ఆక్రోశము. శిల్పికి లంచము చూపినారు, బెదిరింపులును వచ్చినవి. చివరకు ఎలియట్ ఆ కొయ్యను నౌకాశాల లోపలికి తెప్పించి కాపలాలో పూర్తి చేయించవలసివచ్చినది. 1834లో ప్రతిమను బిగించి, ఓడను రెండు పెద్ద యుద్ధనౌకల నడుమ నిలిపి, పహరా పెట్టినారు. శత్రువుల ఫిరంగులకు జంకని ఓడకు స్వదేశములో, స్వంత రేవులో, ఒక కొయ్యబొమ్మ కొరకు పహరా!

1834 జూలై 2వ తేదీ రాత్రి ఉరుములతో పెద్ద వాన కురిసినది. శామ్యూల్ డ్యూయీ అను యువ నావికుడు చిన్న పడవలో ఒంటరిగా తెడ్డు వేసికొని వచ్చి, అణియము ప్రాకి, వాన చప్పుడు మాటున రంపముతో అధ్యక్షుని కొయ్యతలను నోటికి సమీపమున కోసి, సంచిలో వేసికొని పోయినాడు. తెల్లవారి చూచిన నావికులకు మొండెము కనబడినది. నగరములో ఒక వర్గమువారు విందులు చేసికొన్నారు. రెండవ వర్గమువారు ఇది దేశాధ్యక్షునికి జరిగిన అవమానమని మండిపడినారు. తరువాత డ్యూయీ స్వయముగా ఆ తలను వాషింగ్టనునకు తీసికొనిపోయి నౌకాశాఖ కార్యదర్శి చేతికి ఇచ్చినాడు. అతనికి శిక్ష పడలేదు. 1835లో న్యూయార్కు నగరమున డాడ్జ్ అను శిల్పులు క్రొత్త తల చెక్కి అతికించినారు. ఆ ప్రతిమ నేడు న్యూయార్కు నగర మ్యూజియములో ఉన్నది.

ఈ కథలో ఎవరిది తప్పు? డ్యూయీ చేసినది సాహసమని కొందరు విద్యార్థులు అనుకొనవచ్చును. మేము అట్లనుకొనము. ప్రభుత్వ ఆస్తిని రాత్రివేళ కోయుట పౌరుని పద్ధతి కాదు. కాని తప్పు అతనితో ప్రారంభము కాలేదు. రాజ్యాంగమని పేరు పెట్టిన ఓడకు, ఒక పార్టీ నాయకుని ముఖము తగిలించిననాడే ప్రారంభమైనది. రాజ్యాంగము అందరిది, జాక్సన్ కొందరివాడు. ఆ కొందరు ఎంత ఎక్కువమంది అయినను కొందరే. 1830లో ఆయన సంతకము చేసిన చట్టముచేత తమ తాతల భూములనుండి వెళ్లగొట్టబడిన ఆదిమవాసులకు ఆ ముఖము ఎట్లు కనిపించునో కూడ ఆలోచింపవలెను. అందరి ఓడను కొందరి ఓడగా చేసినవాడు కాప్టెన్ ఎలియట్. రంపము పట్టినవాడు ఆ తరువాతివాడు.

ఈ కథకు ఇంకొక ముక్క ఉన్నది. దానిని చెప్పకుండుట మా వాదమునకు అనుకూలమే గాని న్యాయము కాదు. జాక్సన్ 1845లో మరణించినాడు. ఆ తరువాత 1840 దశకపు మరమ్మతులలో పాత బొమ్మను తీసి, జాక్సన్‌దే మరియొక ప్రతిమను ఆ ఓడకు బిగించినారు. అది సుమారు పాతికేండ్లు నిలిచినది. దాని తల ఎవరును కోయలేదు. నేడది ఆ దేశపు నౌకాదళ కళాశాలయందున్నది. మనిషి పోయి, పార్టీల వేడి చల్లారిన పిదప, అదే ముఖము చరిత్రగా మారినది. కనుక మహనీయుల ప్రతిమలన్నియు తప్పని మేము అనుట లేదు. తీర్పు కాలము చేయవలసినది. ఆ తీర్పునకు ముందే మనము రాయి చెక్కరాదని మాత్రమే అంటున్నాము.

ఇక మూడవ కథ మనకు మిక్కిలి దగ్గరిది. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణపు కోట పడినది. టిప్పు సుల్తాను కోటద్వారము చెంత పోరాడుచు మరణించినాడు. 1819లో బొంబాయి నౌకాశాలలో బ్రిటిషు నౌకాదళము కొరకు ఒక ఓడ తయారై నీటిలో దిగినది. మన దేశపు టేకు, మన దేశపు వడ్రంగుల చేతులు. పెట్టిన పేరు మాత్రము సెరింగపటం. దాని అణియపు ప్రతిమ నేడు లండను చెంత గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియములో భద్రముగా ఉన్నది. తలపాగా ధరించి గొడుగు పట్టిన ఒక పురుషుడు పెద్ద పక్షిపై కూర్చున్నట్లు చెక్కినది. అది టిప్పు సుల్తానును సూచించునదని చెప్పుతారు.

ఉర్దూ, ఫారసీ సాహిత్యము చదివినవారికి హుమా పక్షి తెలియును. దాని నీడ ఎవరి తలపై పడునో వాడు రాజగునని నమ్మిక. టిప్పు సింహాసనముపై రత్నములు తాపిన అట్టి హుమా ఒకటి ఉండినది. కోట పడిన పిదప దానిని ఇంగ్లండునకు తీసికొనిపోయి మూడవ జార్జి రాజునకు సమర్పించినారు. అది నేటికిని వారి రాజకుటుంబపు సేకరణలో ఉన్నది. పక్షి రాజుగారి ఇంటికి పోయినది; సుల్తాను కొయ్యయై, తనను జయించినవారి ఓడకు ముందు నిలిచి, వారి జెండా నీడన అలల దెబ్బలు తిన్నాడు. తొలి రెండు కథలలో ఓడ ముక్కున ముఖము పొగడ్త. ఇక్కడ అది విజయచిహ్నము. వేటగాడు గోడకు తగిలించిన దుప్పి తల వంటిది. బొమ్మ తాను ఎందుకు నిలిచినదో తాను చెప్పుకొనలేదు. నిలిపినవాడు చెప్పినదే దాని మాట. ముఖము ఎవరిదైనను, స్థానమును నిర్ణయించినవానిదే అర్థము.

ఈ సందర్భమున ఇతరులను మాత్రమే నిందించుట మాకు ఇష్టము లేదు. 1799లో శ్రీరంగపట్టణమును ముట్టడించిన సేనలలో మన హైదరాబాదు నిజాము అలీఖాను పంపిన సేన కూడ ఇంగ్లీషువారి పక్షమున ఉండినది. దక్కను ప్రభువులలో ఒకరు మరియొకరి పతనమునకు తోడుపడినారు. నేడు మన యువకులు టిప్పు పేరిట గర్వపడుతారు. నిజాముల కట్టడములను చూచి కూడ గర్వపడుతారు. ఆ ఇద్దరి ముఖములను ఒకే ద్వారముపై ప్రక్కప్రక్కన చెక్కమన్న యెడల చరిత్ర తెలిసిన శిల్పి ఉలి క్రింద పెట్టి మన ముఖము చూస్తాడు. పుస్తకములో ఇద్దరికిని చోటున్నది. పుస్తకము ఒక పుటలో పొగడి, మరియొక పుటలో ప్రశ్నింపగలదు. రాయికి రెండవ పుట లేదు.

మా అభిప్రాయమునకు వచ్చు ఆక్షేపణలు మాకు తెలియును. ముస్లిము అధ్యాపకులు గనుక ప్రతిమ అనగానే వద్దంటున్నారని కొందరు అనవచ్చును. మత విషయములో ఎవరి విశ్వాసము వారిది. దానిని గురించి ఇక్కడ మేము వాదించుట లేదు. ఈ కళాశాలలో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు కలసి చదువుతున్నారు. వారందరును ఒప్పుకొనదగిన పౌరధర్మమును గురించియే మా మాట. బోస్టనులో రంపము పట్టినవానికిని, బొమ్మ పెట్టించినవానికిని మతభేదము లేదు. తగవు బొమ్మ ఉన్నందుకు రాలేదు. అందరి వస్తువుపై ఉన్నందుకు వచ్చినది.

రెండవ ఆక్షేపణ బలమైనది. సాయము చేసినవారికి కృతజ్ఞత చూపవద్దా? తప్పక చూపవలెను. కృతఘ్నత విద్యావంతునికి తగదు. ఆ నాయకుడు మన కొరకు కార్యాలయములు తిరిగిన మాట నిజము. ఆయనను ప్రారంభోత్సవమునకు ఆహ్వానింతము. సభలో పేరు పేరున ధన్యవాదములు చెప్పుదము. కళాశాల చరిత్ర పుస్తకములో ఆ సహాయమును తేదీతో సహా వ్రాసి ఉంచుదము. కాని ఆయన తెచ్చినది ప్రభుత్వ ధనము. అది పన్ను కట్టినవారిది. దానితోబాటు ఈ ఊరి దుకాణదారులు ఇచ్చిన చిన్న చిన్న చందాలు ఉన్నవి. బీడీలు చుట్టు తల్లులు తమ బిడ్డల ఫీజుతో కలిపి కట్టిన రూపాయలు ఉన్నవి. ఒక ముఖమును పెట్టిననాడు ఈ ముఖములన్నింటిని తుడిచివేసినవారమగుతాము. తెచ్చినవానికి సలాము, ఇచ్చినవారిని మరచుట మాత్రము అన్యాయము.

మూడవది పైకి చెప్పని ఆక్షేపణ. నాయకుడు సంతోషించిన యెడల రేపు ప్రయోగశాలకు కూడ నిధులు రావచ్చునని కొందరి ఆశ. కమిటీ పెద్దలు కళాశాల మేలు కోరియే ఇట్లు ఆలోచిస్తారని మాకు తెలియును. వారి కష్టములు మేము ఎరుగనివి కావు. అయినను నేజ్బీ ఓడను ఒకసారి తలచుకొనవలసినదిగా మనవి. నేటి ముఖము రేపటి ప్రభుత్వమునకు కంటిలో నలుసు కావచ్చును. అప్పుడు దానిని తీసివేయుటకు నూరు పౌన్లు, దానికి బదులు మరియొకటి పెట్టుటకు మరి నూరు పౌన్లు. అంతకన్న పెద్ద నష్టము ఒకటి ఉన్నది. ద్వారముపై ఒక నాయకుని ముఖము చూచిన పేద విద్యార్థి, తన తండ్రి రెండవ నాయకుని మనిషి అయినచో, ఈ గది తనది కాదేమోనని గుమ్మము దగ్గర క్షణకాలము ఆగుతాడు. పఠన మందిరపు గుమ్మమున ఏ విద్యార్థియు అట్లు ఆగరాదు. ఆ క్షణము విలువ మేము ఏ నిధులతోను తూచలేము.

వద్దని చెప్పినవారు ఏది కావలెనో కూడ చెప్పవలెను. కాన్‌స్టిట్యూషన్ ఓడ నేటికిని బోస్టను రేవులో తేలుచునే ఉన్నది. తేలుచున్న యుద్ధనౌకలలో అంతటి వయస్సు గలది ప్రపంచములో మరియొకటి లేదు. హెర్క్యులీసు పోయినాడు, ఇద్దరు జాక్సనులును మ్యూజియములకు చేరినారు. నేడు దాని అణియమున ఉన్నది 1812 నాటివలె మెలి తిరిగిన చెక్కడము మాత్రమే. దానిని కోయవలెనని ఎవరికిని తోచదు. దానికి కాపలా అక్కరలేదు. మన ద్వారమునకు కూడ అట్టి సాదా తీగె చెక్కడము చాలునని మా సూచన. మధ్యలో ఉర్దూ లిపిలో 'ఇల్మ్' అనియు, తెలుగు లిపిలో 'విద్య' అనియు రెండు మాటలు, సమానమైన అక్షరములతో, ఒకే వరుసలో చెక్కింతము. పాలరాయి కొనుటకు అనుకొన్న సొమ్ముతో అలమారలకు పుస్తకములు కొందము. ఇరువురు నాయకుల జీవితములను గురించి వ్రాసిన పుస్తకములు ఉన్నచో అవియు కొందము. వారిని పొగడినవియు, విమర్శించినవియు ఒకే అరలో ఉంచుదము. చదివినవారు తమ నిర్ణయము తాము చేసికొంటారు.

విద్యార్థి సోదరులకు చివరి మాట. మీరు అభిమానించు నాయకుని మీరు మెచ్చుకొనుటలో తప్పు లేదు. ఎన్నికల వేదికపై ఆయన కొరకు గొంతెత్తండి. వయస్సు వచ్చినవారు ఓటు వేయండి. అది మీ హక్కు. కాని వారిరువురును రేపు ఒకే విందులో ఒకే బల్ల చెంత కూర్చుంటారు. ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని ఫొటో తీయించుకొంటారు. ఇక్కడ మీరు మాత్రము ఒకే గదిలో రెండు గోడలవైపు తిరిగి పడుకొంటున్నారు. మూడేండ్ల స్నేహమును కొయ్యబొమ్మ కొరకు కోయుట డ్యూయీ చేసిన పనికన్న పెద్ద తప్పు. తెగిన తలకు బదులు డాడ్జి శిల్పులు క్రొత్త తలను అతికించగలిగినారు, దీనిని ఎవరు అతికించగలరు? మీలో ఎవరు ముందు సలాము చెప్పినను రెండవవారు గెలిచినట్లు కాదు. ఈ మాటను మేము మీ అధ్యాపకులుగానే గాక, మీ అన్నలుగా చెప్పుతున్నాము.

కమిటీ పెద్దలు మా విన్నపమును దయతో ఆలకించి, వేసవి సెలవులకు ముందే నిర్ణయము ప్రకటించవలసినదిగా ప్రార్థిస్తున్నాము. ద్వారము సిద్ధము కాలేదన్న కారణముచేత పఠన మందిరము ఇంకొక సంవత్సరము తాళము వేసి ఉండరాదు. పరీక్షలు ఎవరి కొరకును ఆగవు.